మనిషి లేని మన్యం
(సంవాదం)

మేనమామ పాడేరు ఏజెన్సీలో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మేనకోడలు విశాఖలో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే చాలు, కెమెరా సంచీ భుజాన వేసుకుని కొండలెక్కుతుంది. తీసిన వాటిలో మంచివి ఏరి ప్రదర్శన పెట్టబోతోంది. పేరు కూడా ఖాయం చేసుకుంది: ‘మనిషి అడుగు పడని మన్యం’. ఏజెన్సీ తెలిసినవాడు కదా అని, ముందుమాట కోసం ఫొటోలన్నీ పట్టుకుని మావయ్య దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుని వాళ్ల వాదన విన్నది నేను. అక్కడక్కడ కుండలీకరణాల్లో ఉన్న మాట నాది.

మేనమామ: ఫొటోలు బాగున్నాయమ్మా. పేరే మింగుడుపడటం లేదు. మనిషి అడుగు పడలేదని నీకెవరు చెప్పారు?

మేనకోడలు: ఒకరు చెప్పాలా మావయ్యా? ఇది చూడు, వంజంగి కొండ మీంచి తెల్లారగట్ల తీసింది. కింద మబ్బుల సముద్రం, అందులోంచి తేలిన చెట్ల కొసలు, వెనక సూర్యుడు. ఒక్క మనిషైనా ఉన్నాడా ఇందులో?

మేనమామ: మనిషి లేడు. మనిషి నాటిన చెట్లున్నాయి. మంచులోంచి నిటారుగా లేచినవి సిల్వర్ ఓక్‌లు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం. కాఫీ మొక్కకు నీడ కావాలని నాటించాం. మానుకు మిరియాల తీగ ఎక్కిస్తారు. నీ మబ్బుల కింద ఉన్నది కాఫీ తోట. ఆ కాఫీకే 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పక్క ఫొటోలో పసుపు ఆరబోసినట్టున్నవి వలిసె పూలు. అది నూనెగింజ పంట. వలిసెలదీ కాఫీదీ కూడా ఇథియోపియా పుట్టుక. రైతు దున్ని విత్తితే మొలిచాయి. నువ్వేమో మనిషి అడుగే పడలేదంటావు.

మేనకోడలు: చెట్టు ఏ దేశానిదైతే నాకేం? నేను తీసేది వెలుతురుని. ఆ మంచు ఎలా పేరుకుంటుందో నీకు తెలుసు కదా. శీతాకాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల పగటి వేడిని తొందరగా వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలోకి దిగుతుంది. పైకి వెళ్లేకొద్దీ చలి పెరగడం మామూలు. ఆ పూట మాత్రం తిరగబడుతుంది, చలి అడుగున, వెచ్చదనం పైన. పైనున్న గాలి కింది మంచును లేవనివ్వదు. ఎండ ముదిరిందా, మంచు చెదిరిపోతుంది. నాకు దొరికేది ఆ నడిమి కాసేపే. దానికోసం చీకట్లో, టార్చి వెలుగులో, రాళ్ల దారిన ట్రైపాడ్ మోసుకుంటూ ఎక్కాలి. ముందురోజే వచ్చి సూర్యుడు ఎటు పొడుస్తాడో, ఏ చెట్టు ఎక్కడ అడ్డొస్తుందో చూసుకోవాలి. ఇంత చేసినా మంచు పడకపోతే ఉత్త చేతులతో దిగాలి. నువ్వు అన్నేళ్లు ఆ కొండ కిందే జీపులో తిరిగావు. ఒక్కరోజైనా సూర్యోదయానికి పైకెక్కావా?

మేనమామ: లేదు.

మేనకోడలు: మరి?

మేనమామ: మేం వెళ్లేది సంతకీ, నర్సరీకీ, గ్రామసభకీ. కొండెక్కి నిలబడి చూసే తీరిక ఉండేది కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. నీ ఫొటో చూశాకే తెలిసింది, ఆ లోయ పైనుంచి అంత లోతని. కానీ నువ్వు చూసింది సూర్యోదయాన్ని. దాని కింద ఉన్న ఊళ్లు నీ కంటికి మంచు కప్పిన చోటు, అంతే.

మేనకోడలు: ఫ్రేము అన్నాక కొంత లోపల, కొంత బయట తప్పదు కదా మావయ్యా. అన్నీ పెడితే అది ఫొటో కాదు, సర్వే మ్యాపు.

మేనమామ: బయట వదిలేయడం వేరు, లోపలున్నదాన్ని చెరిపేయడం వేరు. ఇదే ఫొటో నీ ఫోన్లో మొన్న చూపించావు. అందులో ఎడమవైపు కరెంటు స్తంభం ఉంది, తీగ కూడా ఉంది. ఇప్పుడవి ఏమయ్యాయి?

మేనకోడలు: తీసేశాను. కన్ను నేరుగా దాని మీదికే పోతోంది.

మేనమామ: పోనీ! ఆ తీగ చివర ఇళ్లున్నాయి. కొండ మీది ఊరికి స్తంభాలు మోసుకెళ్లి పాతడమంటే ఏమిటో నేను చూశాను. ఆ వీధిలో మొదటిసారి బల్బు వెలిగిన రాత్రి పిల్లలు నిద్రపోలేదు. నువ్వు ఒక్క మీట నొక్కి తీసేశావు. ఈ రెండో ఫొటోలో కొండవాలు మీద గోధుమరంగు మచ్చలుండాలి. అవి పోడు చేలు. అవీ పోయినట్టున్నాయి.

మేనకోడలు: వాటిని చెరపలేదు, పచ్చదనం కొంచెం పెంచాను. మచ్చలు అందులో కలిసిపోయాయి. ఎడిటింగ్ అంటే మోసం అన్నట్టు మాట్లాడకు. కెమెరా తీసిన రా ఫైలు చూస్తే నీకు జాలేస్తుంది, వెలవెలబోతూ ఉంటుంది. సూర్యుడి చుట్టూ ఉన్న వెలుగుకీ లోయలో నీడకీ మధ్య ఉన్న తేడాని సెన్సార్ ఒక్క క్లిక్కులో పట్టలేదు. కంటికి ఆ ఇబ్బంది లేదు, అటు చూస్తే అటు, ఇటు చూస్తే ఇటు సర్దుకుంటుంది. అందుకే ట్రైపాడ్ కదలకుండా మూడు ఎక్స్‌పోజర్లు తీస్తాం, ఒకటి ఆకాశానికి, ఒకటి లోయకి, ఒకటి మధ్యస్థంగా. ఇంటికొచ్చి కలుపుతాం. నువ్వు ఫోన్‌తో తీసినా అంతే, అది నీకు చెప్పకుండా నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేస్తుంది. సాఫ్ట్‌వేరులో ఆకాశాన్ని మొత్తం మార్చి వేరే ఆకాశం అతికించే సదుపాయం కూడా వచ్చింది. ఆ పని నేను చేయను. కంటికి కనిపించినదాన్ని కంటికి కనిపించినట్టు చేయడం వరకే నా హద్దు.

మేనమామ: కరెంటు తీగ కంటికి కనిపించలేదా?

(ఇక్కడ కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. స్తంభం చెరపడం ఈ రోజుల్లో ఎంత మామూలైందంటే, చెరిపినవాళ్లకు చెరిపామన్న గుర్తు కూడా ఉండదు.)

మేనకోడలు: సరే, పెద్దవాళ్ల సంగతి చూడు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్ 10న యోసెమిటీలో హాఫ్ డోమ్ రాతిముఖాన్ని తీశాడు. గాజు పలకలు, పెద్ద కెమెరా వీపున వేసుకుని మంచులో కొండెక్కాడు. చివరికి రెండే పలకలు మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. తన మనసులో ఉన్నది అందులో రాదనిపించి, ఆఖరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టాడు. పగటి ఆకాశం దాదాపు నల్లగా పడింది. ఆ నలుపు అక్కడ లేదు, ఆయన మనసులో ఉంది. ‘మోనోలిత్’ అనే ఆ ఫొటోని అబద్ధం అంటావా?

మేనమామ: అననమ్మా. ఆకాశం నల్లబడితే ఎవరి ఇల్లూ కూలిపోదు.

మేనకోడలు: పైగా ఆ ఫొటోలు మేలు చేశాయి. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో కంచరగాడిదల మీద సామాను వేసుకుని వెళ్లి యోసెమిటీని పెద్ద పెద్ద గాజు పలకల మీద తీశాడు. 1864లో లింకన్ ఆ లోయని కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు. విలియం హెన్రీ జాక్సన్ 1871లో ఎల్లోస్టోన్ తీస్తే మరుసటి ఏడు అది నేషనల్ పార్క్ అయింది. ఆడమ్స్ తన ఫొటోలు పట్టుకుని 1936లో వాషింగ్టన్ వెళ్లి చట్టసభల వాళ్లని కలిశాడు, 1940లో కింగ్స్ కాన్యన్ పార్క్ వచ్చింది. అందం చూపిస్తేనే కదా జనానికి దాన్ని కాపాడాలనిపించేది.

మేనమామ: నువ్వు వదిలేసి వెళ్లిన పుస్తకాలు నేనూ చదివాను. వాట్కిన్స్ రావడానికి పదేళ్ల ముందు, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలోకి దిగింది. అక్కడ తరాలుగా ఉన్న అహ్వానీచీ జనాన్ని తరిమి, గుడిసెలు తగలబెట్టింది. ఆ తర్వాత వచ్చిన ఫొటోలో లోయ ప్రశాంతంగానే ఉంటుంది మరి. కొందరు తిరిగి వచ్చి అక్కడే చిన్న ఊరు కట్టుకుని బతికారు. ఆడమ్స్ కొండలెక్కే రోజుల్లో ఆ ఊరుంది. పార్కు వాళ్లు ఆ ఇళ్లలో చివరివి కూడా 1969లో లేకుండా చేశారు. ఫొటోలో లేనివాళ్లు నేల మీద కూడా లేకుండాపోయారు.

మేనకోడలు: అది ఫొటో చేసిన పనా? తుపాకీ చేసిన పని, సర్కారు చేసిన పని.

మేనమామ: నిజమే, తరిమింది తుపాకీయే. ఫొటో చేసింది ఏమిటంటే, తర్వాత వచ్చినవాళ్లకు ఆ ప్రశ్న కలగకుండా చేసింది. నువ్వు వాషింగ్టన్ దాకా వెళ్లావు, నేను అనంతగిరి దాకే వెళ్తాను. ఈ కొండల్లో బాక్సైట్ ఉంది. దాన్ని తవ్వుతామని ఎన్నిసార్లు కదిలారో నీకు తెలుసు. కాపాడింది ఏ ఫొటో? బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద మొదలైన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వడం కుదరదంది. ఆ కేసు నిలబడింది ఎందుకు? ఇది మా నేల, ఇదిగో మా చేను అని చెప్పడానికి అక్కడ మనుషులున్నారు కాబట్టి. కొండ ఖాళీగా ఉందని చూపిస్తే ఎవరికి లాభం? కాపాడేవాడికా, తవ్వేవాడికా?

మేనకోడలు: ...

మేనమామ: ఈ ఫొటోలో వాలు మీద సన్నటి గీత చూశావా? నువ్వు కంపోజిషన్ అంటావు. బాగానే పెట్టావు, కన్ను దాని వెంటే పైకి వెళ్తుంది. ఆ గీత డోలీ దారి. నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసుకుంటూ తారురోడ్డు దాకా దింపేది దాని మీదుగానే. ‘మనిషి అడుగు పడని’ అని దాని కింద రాస్తావా?

(పేరు మార్చాలన్న నిర్ణయం ఆ అమ్మాయి ముఖంలో అప్పుడే కనబడింది. కానీ వాదన ఒప్పుకోలేదు. అక్కడి నుంచి దాడి మొదలుపెట్టింది.)

మేనకోడలు: పేరు తీసేస్తాను. తప్పుడు పేరే. అయితే నువ్వు చెప్పు, మనుషుల్ని ఎలా పెట్టమంటావు? పెట్టినవాళ్ల చరిత్ర తెలుసా నీకు? ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు, దక్షిణాది కులాలు తెగల మీద. మనుషుల తలలు, ముక్కులు కొలిచి, నిలబెట్టి, ఫొటోలు తీసి, చెట్ల జాతుల్లా వరసపెట్టాడు. ఇవాళ కూడా ఏజెన్సీకి వచ్చే ఫొటోగ్రాఫర్లలో సగం మంది చేసేది అదే. ముక్కుకు పోగులున్న ముసలమ్మ, ముడతల ముఖం, వెనక పొగమంచు. ఆ ముసలమ్మ పేరుండదు. అడిగి తీశారో లేదో తెలియదు. ఫొటోకి బహుమతి వస్తుంది, ఆమెకి ఆ సంగతే తెలియదు. ధింసా ఆడేవాళ్లని వరసగా నిలబెట్టి, బట్టలు మార్పించి తీసేవాళ్లని చూశాను. అలా తీయడం కంటే అసలు తీయకపోవడం మర్యాద అనుకున్నాను. నా ఫొటోల్లో మనుషులు లేకపోవడానికి అసలు కారణం అది.

మేనమామ: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంతసేపు పోట్లాడేవాణ్ని కాదు.

మేనకోడలు: చెప్పనిచ్చావా!

మేనమామ: కానీ అది ముఖం చూపించకపోవడానికి కారణం. స్తంభం చెరపడానికి కారణం కాదు. మనిషిని బొమ్మలా నిలబెట్టకుండానే మనిషి జాడ ఉంచవచ్చు. నీ ఆడమ్స్ చంద్రోదయం ఫొటో తీశాడు కదా, న్యూ మెక్సికోలో, 1941లో.

మేనకోడలు: హెర్నాండెజ్. దారిన పోతూ కారు ఆపి తీశాడు. లైట్ మీటర్ వెతికితే దొరకలేదు, చంద్రుడి వెలుగు ఎంతో గుర్తుంది కాబట్టి ఆ లెక్కతో ఎక్స్‌పోజర్ పెట్టాడు. రెండో ఫొటో తీసేలోపు వెలుతురు పోయింది.

మేనమామ: ఆ ఫొటోలో మనుషులున్నారా? లేరు. ఇళ్లున్నాయి, చిన్న చర్చి ఉంది, సమాధుల మీద శిలువలున్నాయి, వాటి మీద చివరి ఎండ పడుతోంది. పైన చంద్రుడు. ఎవరి ముఖమూ లేకుండానే ఊరంతా ఉంది అందులో. అలాంటి స్తంభాన్ని నువ్వు చెరిపేసుకున్నావు అంటున్నాను. పెళ్లి ఫొటోలో పెళ్లికూతుర్ని తీసేసి పందిరి బాగుందని మెచ్చుకున్నట్టుంది నీ పని.

మేనకోడలు: స్తంభం పెళ్లికూతురు కాదు మావయ్యా, మరీ అంత వద్దు. స్తంభం బాగోకపోతే రెండడుగులు పక్కకు జరిగి తీస్తాను. అదైనా ఒప్పుకుంటావా?

మేనమామ: జరుగు. చెరపకు.

మేనకోడలు: ఇంకో సంగతి. నడిచి, మోసి, చలిలో నిలబడి తీసే ఫొటోకీ, వ్యూపాయింట్ దగ్గర కారు దిగి తీసే ఫొటోకీ తేడా లేదంటావా? నడక నాకు చాలా నేర్పింది. ఎక్కేటప్పుడు ఆగినచోటల్లా కొండ వేరేగా కనిపిస్తుంది.

మేనమామ: తేడా ఉంది. కాకపోతే మోత గురించి ఫొటోగ్రాఫర్లు ఎప్పుడూ సగమే చెబుతారు. శామ్యూల్ బౌర్న్ 1866లో హిమాలయాల్లో మణిరంగ్ కనుమ ఎక్కి 18,600 అడుగుల ఎత్తున ఫొటో తీశాడు. అప్పటి పద్ధతిలో గాజు పలకకు అక్కడే రసాయనం పూసి, తడి ఆరకముందే తీసి, అక్కడే డేరాలో కడగాలి. అంటే డేరా, సీసాలు, పలకలు అన్నీ కొండెక్కాలి. మోసింది కూలీలు. ఫొటో కింద బౌర్న్ పేరుంది, వాళ్ల పేర్లు లేవు.

మేనకోడలు: నా సంచీ నేనే మోస్తాను.

మేనమామ: మోస్తావు, సరే. దారి చూపించింది ఎవరు?

మేనకోడలు: ఆ ఊరి కుర్రాడు. రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాం. చోడి అంబలి పెట్టారు. డబ్బులిచ్చాను.

మేనమామ: ప్రదర్శనలో ఆ అబ్బాయి పేరుందా?

మేనకోడలు: అడుగుతాను. వద్దంటే వేయను.

(ఇది ఆమె గెలిచిన చోటని నా లెక్క. మేనమామకి పేరు వేయాలన్న తొందర ఉంది, అడగాలన్న ఆలోచన ఆమెకే వచ్చింది.)

మేనమామ: మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి దారి పొడుగునా రాసుకుంటూ వెళ్లాడు. ఆయన చేతిలో కెమెరా లేదు, అప్పటికి ఇంకా రాలేదు. అహోబిలం, శ్రీశైలం అడవుల మీదుగా వెళ్లాడు. మజిలీ మజిలీకీ ఏం రాశాడు? ఊళ్లో నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి రాళ్లదా ఇసుకదా, బసకి చోటుందా. చదువుతుంటే ఆ నేల మీద జనం తిరుగుతున్నట్టే ఉంటుంది. కొండ అందం తక్కువ కాలేదు.

మేనకోడలు: ఆయన రాసింది వెనక వచ్చే యాత్రికులకి దారి తెలియడానికి. ఇవాళ అదే పని ఫోన్లో లొకేషన్ పెట్టడం. ఆయనని మెచ్చుకుంటావు, మమ్మల్ని తిడతావు. వంజంగి పేరు బయటికి వచ్చింది ఫొటోల వల్లేనని మీ ఏజెన్సీ వాళ్లే అంటారు.

మేనమామ: అంటారు. ఇప్పుడు శీతాకాలం శని ఆదివారాలు ఆ కొండ మీద నిలబడటానికి చోటుండదు. పొద్దెక్కి జనం దిగిపోయాక నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు మిగులుతాయి. ఏరేది ఊరివాళ్లు.

మేనకోడలు: జీపు తోలేవాడికి బేరం దొరికింది, గుడారం వేసేవాడికి, బొంగులో చికెన్ అమ్మేవాడికి నాలుగు డబ్బులు వచ్చాయి. వాళ్లని అడిగి చూడు, జనం రావొద్దంటారేమో. కొండని మనం ఇద్దరమే చూసి, ఎవరికీ చెప్పకుండా దాచుకోవాలా?

మేనమామ: దాచమనను. కానీ మంచు ఫొటో ఒక్కటే పెడితే, మంచు కోసమే వస్తారు. మంచు పడని రోజు వచ్చినవాడు తిట్టుకుంటూ దిగుతాడు. కింద కాఫీ పండు ఎరుపెక్కి ఉంటుంది, సంతలో అడ్డాకుల కట్టలు, రాజ్మా రాశులు ఉంటాయి, వాడికి అక్కర్లేదు. విశాఖ నుంచి రైల్లో వచ్చేవాళ్లూ అంతే. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెడతారు. 1960ల్లో ఇనుప ఖనిజం దింపడానికి వేసిన లైను అది, ఇవాళ్టికీ గూడ్సు బళ్లు ఆ ఖనిజాన్నే మోస్తున్నాయి. గూడ్సు బండి ఎదురైతే ఫొటోలో పడకుండా ఆగుతారు, అది వెళ్లాక తీస్తారు.

మేనకోడలు: నేనూ ఆగాను.

మేనమామ: చూశావా మరి.

మేనకోడలు: వలిసె చేల ఫొటో తీసినప్పుడు మాత్రం ఒకటి జరిగింది. ఎవరో కుటుంబం చేలోకి దిగి, పూల మధ్య కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. మొక్కలు విరిగిపోతున్నాయి. రైతు వచ్చి డబ్బులడిగాడు. ‘పూలు చూడ్డానికి కూడా డబ్బులా’ అని వాళ్లు గొడవపడ్డారు. నేను గట్టు మీద నిలబడి పెద్ద లెన్స్‌తో తీసుకున్నాను, ఆ గొడవ ఫ్రేములో పడకుండా.

మేనమామ: అది పడి ఉంటే ప్రదర్శనకి నేను ముందుమాట రాయక్కర్లేకపోయేది.

మేనకోడలు: ఇప్పుడు రాస్తావా?

మేనమామ: స్తంభం వెనక్కి పెట్టు, రాస్తాను.

ఆమె స్తంభం వెనక్కి పెట్టింది. పోడు మచ్చలు కూడా తిరిగొచ్చాయి. పచ్చదనం తగ్గించాక నిజానికి ఆ ఫొటోకి లోతు వచ్చిందని నా అభిప్రాయం. ఆమె ఒప్పుకోలేదు, పాతదే బాగుందంటుంది. వాదనలో మొగ్గు మేనమామదే. అయినా థర్‌స్టన్ మాటకి ఆయన దగ్గర పూర్తి జవాబు లేదు, ముఖాలు తీయాలా వద్దా అన్నది ఇద్దరి మధ్యా తేలలేదు.

వలిసె చేలు నవంబరులో పూస్తాయి. ఫొటో కోసం వెళ్లే పాఠకులకు ఒక్క మనవి. గట్టు మీంచి తీయండి. చేలోకి దిగాలనిపిస్తే ముందు రైతును అడగండి, ఆయన చెప్పిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. ఆ పూలు గింజ కట్టాలి, నూనె గానుగకి వెళ్లాలి.